ఇల్లు అద్దెకు అడిగితే "మీరు రోమాలు కాదు కదా?" అన్నారు

గోదారి_బ్ర్నో (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. చెక్ రిపబ్లిక్‌లో బ్ర్నో అనే ఊళ్లో మూడేళ్లుగా ఉంటున్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పాప పుట్టాక ఉన్న ఇల్లు చాలడం లేదని ఇంకొంచెం పెద్దది వెతుకుతున్నాం. పోయిన వారం ఒక బ్రోకర్‌కి ఫోన్ చేశాను. నాకొచ్చిన చెక్ భాషలోనే మాట్లాడాను. జీతం ఎంత, ఉద్యోగం పర్మనెంటా, అన్నీ అడిగాడు. చివర్లో కాస్త ఆగి, "మీరు రోమాలు కాదు కదా? ఓనర్ ముందే చెప్పారు, అందుకే అడుగుతున్నా" అన్నాడు.

"కాదు కాదు, నేను ఇండియన్‌ని" అని గబగబా చెప్పేశాను. అంతే, అతని గొంతు మారిపోయింది. శనివారం వచ్చి చూసుకోండి అన్నాడు.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. "ఇల్లు దొరికేలా ఉంది కదా, ఎందుకు బాధ?" అంది నా భార్య. నా బాధ అదే. కాదు అన్న ఒక్క మాటతో నాకు తలుపు తెరుచుకుంది. అవును అని చెప్పాల్సిన వాళ్ల సంగతేంటి? నా ఒంటి రంగూ వాళ్ల రంగూ ఒకటే. వాళ్లు ఇక్కడే పుట్టారు, చెక్ భాష నాకంటే వంద రెట్లు బాగా మాట్లాడతారు. నేను నిన్నగాక మొన్న వచ్చినవాడిని.

ఈ మధ్య వీళ్ల గురించి చాలా చదివాను. ఇక్కడి మన గ్రూపుల్లో వీళ్ల మాట వస్తే "ఆ ఏరియాకి వెళ్లకండి" అనడమే గానీ వేరే చర్చ కనిపించదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి.

---

కృష్ణలంక_కుర్రాడు

అన్నా, రోమాలు అంటే జిప్సీలేనా?

---

గోదారి_బ్ర్నో

వాళ్లే తమ్ముడూ. కానీ ఆ మాట వాడకపోవడం మంచిది. చెక్‌లో దానికి సరిపోయే మాట "త్సికాన్". చాలామంది దాన్ని తిట్టుగానే వాడతారు. 1971 ఏప్రిల్‌లో లండన్ దగ్గర ప్రపంచ రోమా మహాసభ జరిగింది. రకరకాల దేశాల ప్రతినిధులు కూర్చుని, మమ్మల్ని మా పేరుతోనే పిలవండి అని నిర్ణయించుకున్నారు. పైన నీలం, కింద ఆకుపచ్చ, మధ్యలో ఎర్రటి చక్రం ఉన్న జెండా కూడా అక్కడే ఖాయమైంది. ఏప్రిల్ 8ని ఇప్పుడు అంతర్జాతీయ రోమా దినంగా జరుపుకుంటారు.

---

శాతవాహన_మాస్టారు

రిటైర్డ్ లెక్చరర్‌ని, భాషాశాస్త్రం చదివాను. రెండు ముక్కలు చెబుతాను.

వీళ్లు వాయవ్య భారతం నుంచి సుమారు వెయ్యేళ్ల కిందట పడమటికి వెళ్లినవాళ్లు. దీనికి గట్టి సాక్ష్యం వాళ్ల భాషే. ఒకటి నుంచి పది దాకా లెక్క చూడండి: యేఖ్, దుయ్, త్రిన్, శ్తార్, పాంజ్, శోవ్, ఎఫ్తా, ఒఖ్తో, ఎన్యా, దేశ్. ఏడు, ఎనిమిది, తొమ్మిది మాత్రం గ్రీకు నుంచి వచ్చాయి. అంటే దారిలో గ్రీకు మాట్లాడే నేల మీద చాలాకాలం ఉన్నారన్నమాట. ఒక జాతి నడిచిన దారి వాళ్ల అంకెల్లోనే దాగి ఉంది. నీళ్లను పానీ అంటారు, ముక్కును నఖ్, చెవిని కన్, మనిషిని మనుష్ అంటారు. ఈ మాటలు మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

---

తండా_టీచరమ్మ

మాస్టారూ నమస్తే. నేను మహబూబాబాద్ జిల్లాలో ప్రభుత్వ బడిలో టీచర్‌ని, మాది తండానే. మా గోర్ బోలిలో ఏక్, ది, తీన్, చార్, పాంచ్ అంటాం. నీళ్లు పాణి, ముక్కు నాక్, చెవి కాన్. మా పిల్లలకు ఈ సంగతి చెబితే ఎగిరి గంతేస్తారు. అయితే రోమాలు, మా లంబాడీలు ఒకటే అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. నిజమేనా?

---

శాతవాహన_మాస్టారు

ఒకటే అనడం తప్పమ్మా. మీ గోర్ బోలి రాజస్థానీ కుటుంబానికి దగ్గరిది. రోమానీ వెయ్యేళ్ల కిందటే విడిపోయి పర్షియన్, అర్మేనియన్, గ్రీకు మాటలన్నీ కలుపుకుంటూ వెళ్లింది. దూరపు చుట్టరికం ఉందనుకోండి. పానీ అనే మాట హిందీలోనూ ఉంది, అంతమాత్రాన హిందీ వాళ్లు లంబాడీలు కారు కదా.

మన ప్రభుత్వం కూడా అప్పుడప్పుడూ ఈ చుట్టరికాన్ని గుర్తుచేసుకుంటుంది. చండీగఢ్‌లో 1976లో, మళ్లీ 1983లో రోమా ఉత్సవాలు జరిగాయి. 1983 ఉత్సవానికి ఇందిరాగాంధీ వచ్చారు. 2016 ఫిబ్రవరిలో ఢిల్లీలో జరిగిన రోమా సదస్సులో సుష్మా స్వరాజ్ మాట్లాడారు. చుట్టరికం చెప్పుకోవడం బాగానే ఉంది. కానీ వాళ్లు ఇప్పుడు అడుగుతున్నది పుట్టిన దేశంలో తోటి పౌరుడిగా బతకనివ్వమని. వాళ్లు చెక్ వాళ్లు, స్లొవాక్ వాళ్లు, రుమేనియా వాళ్లు. "మీ ఇండియాకి పొండి" అని అక్కడి దురహంకారులు అరుస్తుంటారు. మనం ఉత్సాహంలో "మీరు మావాళ్లే" అన్నప్పుడు ఆ మాట వాళ్లకి ఎలా వినిపిస్తుందో కూడా ఆలోచించాలి.

---

సిటీ_బస్సు_216

నేను సూటిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. రెండేళ్ల కిందట ఫ్యామిలీతో ప్రాగ్ వెళ్లాం. ట్రామ్‌లో నా పర్సు కొట్టేశారు. పాస్‌పోర్ట్ పోలేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ టెన్షన్ ఊహించుకోలేను. వాళ్లే అని హోటల్ వాళ్లు చెప్పారు. పనిచేయరు, ప్రభుత్వ సాయం మీద బతుకుతారు, పిల్లల్ని బడికి పంపరు అని అక్కడ ప్రతి ఒక్కరూ అంటున్నారు. అందరూ అబద్ధం చెబుతారా?

---

బెజవాడ_వకీలు

216 గారూ, మీ పర్సు పోవడం బాధాకరమే. కానీ తీసినవాణ్ణి మీరు చూడలేదు, హోటల్ వాళ్లూ చూడలేదు.

"పిల్లల్ని బడికి పంపరు" అన్నారు కాబట్టి ఒక కేసు చెబుతాను. ఒస్త్రావా అని చెక్‌లో పెద్ద పారిశ్రామిక నగరం ఉంది, బొగ్గు, ఉక్కు ఊరు. అక్కడి 18 మంది రోమా పిల్లలు బడికి వెళ్లారు. వాళ్లని ఏ బడిలో వేశారో తెలుసా? బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం పెట్టిన "ప్రత్యేక బడి"లో. ఆ పిల్లలు ముందు దేశంలోని కోర్టులకెక్కారు, అక్కడ ఓడిపోయారు. 2000లో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టుకి వెళ్లారు. 2006లో చిన్న బెంచ్ కొట్టేసింది. చివరికి 2007 నవంబర్ 13న విస్తృత ధర్మాసనం 13 మంది ఒకవైపు, నలుగురు ఒకవైపుగా, ఇది వివక్షే అని తీర్పు చెప్పింది.

ఒస్త్రావాలో రోమా కాని పిల్లవాడి కంటే రోమా పిల్లవాణ్ణి ఆ ప్రత్యేక బడిలో వేసే అవకాశం 27 రెట్లు ఎక్కువని ఆ పిల్లల తరఫున లెక్కలు చూపించారు. ఆ బడుల్లో సగానికి పైగా రోమా పిల్లలే. ఊరి మొత్తం బడిపిల్లల్లో వాళ్లు నూటికి ముగ్గురు కూడా లేరు.

ఎలా జరిగేదంటే, ఆరేళ్ల పిల్లవాణ్ణి పరీక్షకు కూర్చోబెడతారు. ప్రశ్నలు స్వచ్ఛమైన చెక్ భాషలో ఉంటాయి. పిల్లవాడు ఇంట్లో మాట్లాడేది రోమానీ కలిసిన చెక్. నర్సరీకి వెళ్లలేదు. ఆ పరీక్షలో చూపించిన బొమ్మలు, వస్తువులు వాళ్లింట్లో లేవు. తక్కువ మార్కులు వస్తాయి. అమ్మానాన్నల ముందు కాగితం పెట్టి సంతకం చేయమంటారు. వాళ్లు కూడా అదే బడిలో చదివినవాళ్లు, "మనవాళ్లంతా అక్కడే ఉన్నారు, ఎవరూ ఏడిపించరు" అని సంతకం పెడతారు. ప్రభుత్వం కోర్టులో ఆ సంతకాలే చూపించి, తల్లిదండ్రులు ఒప్పుకున్నారు కదా అని వాదించింది. జాతి వివక్షకు గురికాకుండా ఉండే హక్కును ఎవరూ సంతకం పెట్టి వదులుకోలేరని కోర్టు చెప్పింది. నా ముప్పై ఏళ్ల ప్రాక్టీసులో నేను చదివిన గొప్ప మాటల్లో అదొకటి.

ఆ పిల్లలకు తలా 4,000 యూరోలు పరిహారం వచ్చింది. తీర్పు వచ్చేనాటికి వాళ్లు బడి ఈడు దాటిపోయారు.

---

తండా_టీచరమ్మ

వకీలు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా బడిలో ఒకటో తరగతికి వచ్చే పిల్లలకు తెలుగు రాదు. ఇంట్లో గోర్ బోలి. మొదటి మూడు నెలలు వాళ్లు నోరు తెరవరు. కొత్తగా వచ్చిన టీచర్ ఎవరైనా "ఈ పిల్లాడు మొద్దు" అనేస్తారు. నేను వాడి భాషలో "పాణి చావ్ కాయి?" అని అడిగితే వాడి ముఖం వెలిగిపోతుంది. నాలుగో నెలలో వాడే క్లాసులో గలగలా మాట్లాడతాడు. నన్ను కూడా చిన్నప్పుడు ఒక సార్ వెనక బెంచీలో కూర్చోబెట్టి వదిలేశాడు. ఆ రోజు నా ముందు అలాంటి పరీక్ష పెట్టి ఉంటే నేనూ తప్పేదాన్ని. ఇప్పుడు టీచర్‌గా ఉండేదాన్ని కాదు.

---

ఒస్త్రావా_స్టూడెంట్

నేను ఒస్త్రావాలోనే ఎమ్మెస్ చేస్తున్నా. తీర్పు తర్వాత ఏమైందో నాకు తెలిసినంత చెబుతాను. కేసు నడుస్తుండగానే 2005 చట్టంతో "ప్రత్యేక బడి" అన్న పేరు తీసేశారు. చాలాచోట్ల అదే బిల్డింగు, వాళ్లే టీచర్లు, పేరు మాత్రం "ప్రాక్టికల్ బడి". 2014లో యూరోపియన్ కమిషన్ కూడా దీని మీద చర్య మొదలుపెట్టింది. 2016లో అందర్నీ మామూలు బడిలో కలిపి చదివించే సంస్కరణ తెచ్చారు. 2017 నుంచి బడికి ముందు ఒక సంవత్సరం నర్సరీ తప్పనిసరి చేశారు, అది మంచి పనే.

కానీ ఇప్పుడు ఇంకో సమస్య. ఒక మామూలు బడిలో రోమా పిల్లలు కొంచెం పెరిగితే చాలు, మిగతా తల్లిదండ్రులు తమ పిల్లల్ని తీసేసి వేరే బడిలో వేస్తారు. నాలుగైదేళ్లలో అది మొత్తం రోమాల బడి అయిపోతుంది. ఎవరూ ఎవర్నీ వెళ్లగొట్టినట్టు కనిపించదు. నేను ఉండే వీధి చివర అలాంటి బడి ఉంది. రోజూ పొద్దున దాని ముందు నుంచే వెళ్తాను.

---

సిటీ_బస్సు_216

బడి సంగతి నాకు నిజంగా తెలియదు. చదివి బాధేసింది. కానీ పెద్దవాళ్లు పనిచేయరన్నది?

---

ఒస్త్రావా_స్టూడెంట్

అన్నా, కమ్యూనిస్టు కాలంలో పనిచేయకుండా ఉండటమే నేరం. అప్పుడు రోమాల్లో చాలామంది గనుల్లో, కట్టడాల్లో, ఉక్కు ఫ్యాక్టరీల్లో పనిచేశారు. 1989 తర్వాత ఫ్యాక్టరీలు మూతపడ్డప్పుడు ముందు పోయింది చదువు అక్కర్లేని ఉద్యోగాలే. ఈ ఊళ్లో చివరి బొగ్గు గని 1994లో మూతపడింది. ఇక్కడ "ప్రత్యేక బడి" కథ మళ్లీ వస్తుంది చూడండి: ఆ బడిలో చదివినవాడికి ఇంకో ఉద్యోగం నేర్చుకునే దారే లేదు.

దాని మీద అప్పులు. ఇక్కడ "ఎక్సెకుత్సె" అంటారు, అంటే జప్తు. ట్రామ్ టికెట్ లేకుండా దొరికినందుకు పడిన చిన్న జరిమానా కూడా వడ్డీ, లాయర్ ఫీజు, జప్తు అధికారి ఫీజు కలిసి పదింతలు అయిపోతుంది. ఆపైన జీతం ఖాతాలో పడగానే కోత. అందుకే చాలామంది కాగితాల్లేని కూలిపనికి వెళ్తారు. మా అపార్ట్‌మెంట్ ముందు రోడ్డు తవ్వేవాళ్లలో ఎక్కువమంది రోమాలే. పొద్దున ఆరింటికి మొదలుపెడతారు. పనిచేయరు అనే మాట విన్నప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు.

---

గోదారి_బ్ర్నో

ఇంటి విషయం కూడా దీనికే ముడిపడి ఉంది. మామూలు ఓనర్లు ఇవ్వరు. మున్సిపాలిటీ ఇళ్లు చాలాచోట్ల ప్రైవేటు వాళ్లకు అమ్మేశారు. మిగిలింది "ఉబితోవ్నా" అనే హాస్టళ్లు. కుటుంబం మొత్తం ఒకే గదిలో ఉంటుంది, వంటగది, బాత్‌రూమ్ అందరికీ ఉమ్మడి. కొన్నిచోట్ల ఆ ఒక్క గది అద్దె మంచి ఇంటి అద్దెతో సమానం. ప్రభుత్వం ఇచ్చే అద్దె సాయం నేరుగా ఆ యజమాని జేబులోకి పోతుంది. దీన్ని ఇక్కడివాళ్లే "పేదరికంతో వ్యాపారం" అంటారు. సాయం మీద బతుకుతున్నది ఎవరో ఆలోచించండి.

2017లో ఇంకొకటి తెచ్చారు. మున్సిపాలిటీ ఒక ప్రాంతాన్ని ప్రకటిస్తే చాలు, అక్కడికి కొత్తగా వచ్చేవాళ్లకు ఆ అద్దె సాయం ఉండదు. నాలుగేళ్ల తర్వాత, 2021లో, రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది.

ఊస్తీ నాద్ లాబెమ్ అనే ఊళ్లో 1999 అక్టోబర్‌లో ఏకంగా గోడే కట్టారు. వీధికి ఒకవైపు రోమాలు ఉండే ఫ్లాట్లు, ఇంకోవైపు సొంత ఇళ్లవాళ్లు. మధ్యలో గోడ. యూరప్ అంతా గోల చేశాక ఆరు వారాలకు తీసేశారు. బెర్లిన్ గోడ పడి అప్పటికి పదేళ్లు.

---

గుంటూరు_సిస్టర్

నేను రిటైర్డ్ నర్సుని. ఈ దేశంలోనే ఆడవాళ్లకు చెప్పకుండా ఆపరేషన్లు చేశారని ఎక్కడో విన్నాను. నిజమా బాబూ?

---

గోదారి_బ్ర్నో

నిజమే అమ్మా. అడిగారు కాబట్టి రాస్తున్నాను, రాయడానికి చెయ్యి రావడం లేదు.

1970ల నుంచి రోమా స్త్రీలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. కొంతమందికి డబ్బు ఆశ చూపించారు, కొంతమందిని పిల్లల్ని తీసుకెళ్లిపోతామని బెదిరించారు. మరికొంతమందికి సిజేరియన్ చేసేటప్పుడు, నొప్పులతో మెలికలు తిరుగుతుంటే కాగితం చేతిలో పెట్టి సంతకం చేయించారు. అది దేనికో కూడా వాళ్లకు తెలియదు. 1978లోనే, కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని ఎదిరించి మానవ హక్కుల కోసం నిలబడ్డ చార్టర్ 77 ఉద్యమకారులు దీన్ని బయటపెట్టారు. కమ్యూనిస్టు ప్రభుత్వం పోయినా ఇవి ఆగలేదు, 2000 తర్వాత కూడా జరిగాయి.

ఒస్త్రావాకి చెందిన ఎలెనా గొరొలోవా అనే ఆవిడ తనకు జరిగింది దాచుకోకుండా ముందుకొచ్చి, మిగతా ఆడవాళ్లను కూడగట్టి పోరాడింది. 2005లో అంబుడ్స్‌మన్ (అధికారుల మీద జనం ఫిర్యాదుల్ని విచారించే అధికారి) ఒతకర్ మొతెయ్ల్ విచారణ చేసి, ఫిర్యాదులు నిజమేనన్నారు. 2009లో ప్రభుత్వం విచారం తెలిపింది. 2021లో చట్టం చేశారు: 1966 జూలై నుంచి 2012 మార్చి మధ్య ఇలా జరిగిన వాళ్లకు 3 లక్షల క్రౌన్లు, మన డబ్బుల్లో పది లక్షల పైచిలుకు. కానీ చాలామంది ఆసుపత్రి రికార్డులు అప్పటికే చించేశారు. రికార్డు లేదు కాబట్టి రుజువు లేదని ఎంతోమంది దరఖాస్తుల్ని తిప్పి పంపారు.

---

గుంటూరు_సిస్టర్

ఎనభైల్లో నేను కుటుంబ నియంత్రణ క్యాంపుల్లో పనిచేశాను. మాకూ టార్గెట్లు ఉండేవి. నెలాఖరుకి లెక్క తగ్గితే పైవాళ్లు తిట్టేవాళ్లు. అందరికీ చెప్పే చేశామని ఇన్నాళ్లూ అనుకున్నాను. కానీ నిజంగా అర్థమయ్యేలా చెప్పామా, వేలిముద్ర వేయించుకునే ముందు చదివి వినిపించామా అంటే, అందరికీ కాదు. కూలికి పోయే ఆడవాళ్లే ఎక్కువగా వచ్చేవాళ్లు. ఒకమ్మాయి ఆరు నెలల తర్వాత వచ్చి, బిడ్డ జ్వరంతో పోయింది, మళ్లీ కుట్లు విప్పండమ్మా అని నా కాళ్లు పట్టుకుంది. ఆ అమ్మాయి పేరు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇక్కడ రాయను.

---

కృష్ణలంక_కుర్రాడు

చదువుతుంటే మాట రావట్లేదు.

---

బెజవాడ_వకీలు

సిస్టర్ గారికి నమస్కారం. మీరు రాసింది రాయడానికి ధైర్యం కావాలి.

చట్టం వైపు నుంచి ఇంకో మాట. మన దగ్గర 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేశారు. స్టువర్టుపురం మన కళ్ల ముందే ఉంది. ఎరుకల కుటుంబాల మగవాళ్లు ఊరు దాటాలంటే చెప్పి వెళ్లాలి, హాజరు వేయించుకోవాలి. 1952లో ఆ చట్టం పోయింది, పేరు మాత్రం చాలాకాలం పోలేదు. చెకొస్లొవేకియా 1927లో దాదాపు అలాంటి చట్టమే చేసింది, "తిరుగుడు జిప్సీల" మీద. వేలిముద్రలతో గుర్తింపు కార్డులు ఇచ్చారు. అది ప్రజాస్వామ్య ప్రభుత్వం చేసిన చట్టం. పన్నెండేళ్ల తర్వాత నాజీలు వచ్చేసరికి జాబితాలు సిద్ధంగా ఉన్నాయి.

---

శాతవాహన_మాస్టారు

ఆ జాబితాలు ఎక్కడికి దారితీశాయో చెప్పకుండా ఈ చర్చ పూర్తికాదు. ప్రాగ్‌కి దక్షిణంగా లేటి అనే పల్లె దగ్గర రోమాల కోసం నిర్బంధ శిబిరం పెట్టారు. కాపలా ఉన్నది జర్మన్లు కాదు, చెక్ పోలీసులు. 1942, 1943లో 1,300 మందికి పైగా అక్కడ ఉన్నారు. 300 మందికి పైగా అక్కడే చనిపోయారు, వాళ్లలో చాలామంది పిల్లలు. 500 మందికి పైగా నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్‌కి పంపారు. యుద్ధానికి ముందు బొహీమియా, మొరావియాల్లో, అంటే ఇప్పటి చెక్ ప్రాంతంలో, సుమారు 6,500 మంది రోమాలు ఉండేవారు. తిరిగొచ్చిన వాళ్లు 600 మంది కూడా లేరు. ఇప్పుడు చెక్‌లో ఉన్న రోమాల్లో ఎక్కువమంది యుద్ధం తర్వాత స్లొవేకియా నుంచి పనికోసం వచ్చినవాళ్ల సంతతి.

1970ల్లో ఆ శిబిరం ఉన్న చోట పందుల ఫారం కట్టారు. చనిపోయిన పిల్లల నేల మీద. కమ్యూనిస్టులు పోయాక కూడా దాదాపు ముప్పై ఏళ్లు అది నడిచింది. దాన్ని కొని తీసేయడానికి ఖర్చు ఎక్కువని ఒక ప్రభుత్వం తర్వాత ఒకటి వాయిదా వేశాయి. 2017లో కొన్నారు, 2022లో కూల్చడం మొదలుపెట్టారు, 2024లో స్మారకం తెరిచారు.

ఒక లెక్క చూడండి. 2021 జనాభా లెక్కల్లో రోమాలమని రాసుకున్నవాళ్లు సుమారు 21 వేల మంది. ప్రభుత్వ అంచనా ప్రకారం ఉన్నవాళ్లు 2 లక్షలకు పైనే. పేరు రాసుకోవడానికి ఎందుకు భయపడతారో ఇంక నేను చెప్పక్కర్లేదు.

---

లండన్_లలిత

ఇక్కడ బ్రిటన్‌లో ఇమిగ్రేషన్ చదువుకున్నప్పుడు మాకు ఒక కేసు చెప్పారు. 2001లో బ్రిటిష్ ఇమిగ్రేషన్ అధికారులు ప్రాగ్ ఎయిర్‌పోర్టులోనే కూర్చుని, లండన్ విమానం ఎక్కేవాళ్లను ముందే ఆపేశారు. తెల్లవాళ్లను రెండు ప్రశ్నలు అడిగి వదిలేవాళ్లు, రోమాలను చాలాసేపు అడిగి ఎక్కువమందిని వెనక్కి పంపేవాళ్లు. 2004లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో బ్రిటన్‌లో అదే అన్నిటికన్నా పై కోర్టు) ఇది జాతి వివక్ష అని తేల్చింది. వివక్ష తట్టుకోలేక పారిపోయేవాళ్లను ఆపడానికి మళ్లీ అదే వివక్ష. వాళ్లు ఎక్కడికి వెళ్లాలి?

---

సిటీ_బస్సు_216

ఇంతసేపూ చదివాను. నా పర్సు ఎవరో కొట్టేశారు, ఆ కోపం నాకు ఇంకా ఉంది. కానీ "వాళ్లే" అని రాయకుండా ఉండాల్సింది. మా నాన్న పాతికేళ్లు బొంబాయిలో పనిచేశాడు. అక్కడ "మదరాసీలు" అని ఇల్లు ఇవ్వలేదని ఎప్పుడూ చెప్పేవాడు. నేను అది మర్చిపోయాను. గోదారి గారూ, మీ ఇల్లు ఏమైంది? శనివారం వెళ్లారా?

---

గోదారి_బ్ర్నో

వెళ్లలేదు. శుక్రవారం బ్రోకర్‌కి ఫోన్ చేసి, "మీరు అలా అడగడం చట్టానికి విరుద్ధం, 2009 నుంచి ఇక్కడ వివక్ష నిరోధక చట్టం ఉంది, ఓనర్‌కి కూడా చెప్పండి" అన్నాను. నా చెక్‌లో తప్పులు పోయి ఉంటాయి, అర్థమైతే అయింది. అతను "సరే" అని పెట్టేశాడు, మళ్లీ ఎత్తలేదు. అంబుడ్స్‌మన్ ఆఫీసు మా ఊళ్లోనే ఉంది, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. ఫోన్లో అడిగిన మాటకు సాక్ష్యం లేదు, ఏమీ జరగకపోవచ్చు. ఇల్లు ఇంకా వెతుకుతున్నాం. నా భార్య మొదట కోప్పడింది, తర్వాత ఫిర్యాదు కాగితం తనే టైప్ చేసిపెట్టింది.

ఆదివారం పాపను తీసుకుని బ్రాతిస్లావ్‌స్కా వీధిలోని రోమా సంస్కృతి మ్యూజియంకి వెళ్లాం. 1991లో పెట్టారట, మూడేళ్లుగా దాని ముందు నుంచి వెళ్తూ ఒక్కసారీ లోపలికి పోలేదు. అక్కడ పనిచేసే ఒక పెద్దావిడ మా పాపను చూసి ఎక్కడివాళ్లని అడిగింది. ఇండియా అనగానే నవ్వి పాప ముక్కు పట్టుకుని "నఖ్" అంది, చెవి పట్టుకుని "కన్" అంది. పాప కూడా ఆవిడ ముక్కు పట్టుకుంది.

---

తండా_టీచరమ్మ

అన్నా, మళ్లీ వెళ్లినప్పుడు ఆవిడ ఒప్పుకుంటే ఒకటి నుంచి పది దాకా ఆవిడ గొంతుతో రికార్డు చేసి పంపగలరా? మా ఒకటో తరగతి పిల్లలకు వినిపిస్తాను. మా పిల్లలు గోర్ బోలిలో చెప్పింది నేను మీకు పంపుతాను, ఆవిడకు వినిపించండి.

---

గోదారి_బ్ర్నో

తప్పకుండా అక్కా. వచ్చే ఆదివారం వెళ్తాం. ముందు ఆవిణ్ణి అడిగి చూస్తాను.